'సరే' బటన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 'సరే' బటన్ గారికి,

ఇప్పుడు తమంతట తామే పనిచేసే ఆయుధాలొచ్చాయి. ఆకాశంలో కనబడేది ఏమిటో యంత్రమే చెబుతుంది, గురీ అదే చూస్తుంది. చివర్లో ఒక మనిషి తమరిని నొక్కుతాడు. ఇక 'నిర్ణయం మనిషిదే' అని ప్రెస్ మీట్‌లో ధైర్యంగా చెప్పుకోవచ్చు. తమరు లేకపోతే రక్షణ శాఖల పరువు ఏమయ్యేదో!

తమరిని తలుచుకుంటే నాకు కొన్ని పంచాయతీ ఆఫీసులు గుర్తొస్తాయి. పదవి ఆవిడది, పెత్తనం ఆయనది. బిల్లు మీద సంతకం మాత్రం ఆవిడదే, ఆడిట్ వాళ్లొస్తే జవాబు చెప్పాల్సిందీ ఆవిడే.

2003 మార్చి 23, ఇరాక్ యుద్ధం. పని ముగించుకుని కువైట్‌లోని స్థావరానికి తిరిగొస్తున్న బ్రిటన్ టోర్నడో విమానాన్ని ఆకాశంలో వచ్చేవాటిని కూల్చే అమెరికా పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ చూసి, రాడార్ మీదికి వస్తున్న క్షిపణి అనుకుంది. బయటి దళాలతో సమాచారం పంచుకునే పరికరాలు ఆ దళానికి ఇంకా చేరనేలేదు, అమెరికా నుంచి దారిలో ఉన్నాయి. ఆలోచించుకోడానికి దొరికింది దాదాపు ఒక్క నిమిషం. కుక్కర్ మూడో కూత వేసిందా లేదా అని మా ఇంట్లో అంతకన్నా ఎక్కువసేపే వాదించుకుంటాం. క్షిపణి వదిలారు. విమానంలోని ఇద్దరూ పోయారు. విమానం పంపాల్సిన గుర్తింపు సంకేతం కూడా పనిచేయలేదు లెండి. కానీ విచారణలో ఇంకోటీ బయటపడింది: త్వరగా స్పందించండి, యంత్రాన్ని నమ్మండి అన్నదే ఆ సిబ్బందికి నేర్పిన పాఠం. పది రోజులకే పేట్రియాట్ అమెరికా నేవీ విమానాన్నే కూల్చింది. రెండుసార్లూ దగ్గర మనుషులున్నారు. సరే.

ఇలాంటి ఆయుధాల గురించి, వాటిలో తమరి పాత్ర గురించి జెనీవాలో 2014 నుంచీ దేశాల మధ్య చర్చలే చర్చలు. అక్కడ అందరూ ఒప్పుకుంటేనే ఏదైనా కదులుతుంది. 2023 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితిలో ఒక తీర్మానం పెట్టారు. ఈ ఆయుధాలపై దేశాల అభిప్రాయాలు అడిగి నివేదిక ఇవ్వమని, అంతే. 152 దేశాలు అవునన్నాయి, నాలుగు కాదన్నాయి. రష్యా, బెలారస్, మాలి... నాలుగోది మనమే.

తమరికి అస్సలు గిట్టని మనిషి ఒకాయన ఉండాలి, సోవియట్ అధికారి స్తనిస్లావ్ పెత్రోవ్. 1983 సెప్టెంబర్ 26న అమెరికా నుంచి ఐదు క్షిపణులు వస్తున్నాయని ఉపగ్రహ వ్యవస్థ గోల పెట్టింది. యుద్ధం మొదలెట్టేవాడు ఐదింటితో సరిపెడతాడా అనుకుని, ఇది తప్పుడు హెచ్చరికని పైవాళ్లకు ఫోన్ చేశాడు. తీరా చూస్తే అది మేఘాల మీద పడ్డ ఎండ. తర్వాత ఆయన్ని పిలిచి చీవాట్లు పెట్టారు. ఆ హడావుడిలో లాగ్‌బుక్ రాయలేదట.

ఇట్లు,
తమ విధేయుడు