వేదిక మీద కాదు, వరండాలో విన్నాను

ఒక మార్చి ఎనిమిదో తేదీన కావలి దగ్గర జరిగిన మహిళా దినోత్సవ సభకు నేనూ వెళ్లాను. ఉదయం పది గంటలకు రమ్మన్న సభ పదకొండున్నరకు మొదలైంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, అతిథుల పరిచయాలు, శాలువాలు అన్నీ ముగిసేసరికి ఒంటి గంట కావచ్చింది. వేదిక మీద కూర్చున్న తొమ్మిది మందిలో స్త్రీలు ముగ్గురే. ఆ ముగ్గురూ కలిసి మాట్లాడింది పావుగంటకు మించదు. మిగిలిన సమయమంతా స్త్రీ ఆదిశక్తి అనీ, భూదేవంత ఓర్పు గలదనీ విన్నాం. మాట్లాడిన ఆ ముగ్గురు కూడా ఆడవాళ్లు ధైర్యంగా ముందుకు రావాలని చెప్పి కూర్చున్నారు. వాళ్లు ఎన్ని ఆటుపోట్లు తట్టుకుని అక్కడి దాకా వచ్చారో నాకు కొంత తెలుసు. అందులో ఒక్కటైనా చెప్పి ఉంటే బాగుండేదని నా మనసు చాలాసేపు బాధపడింది.

వినదగిన మాటలు భోజనాల వేళ వరండాలో వినబడ్డాయి. సర్పంచిగా పనిచేసిన ఒకామె, ఈసారి పోటీ చేద్దామా వద్దా అని ఊగిసలాడుతున్న ఒక పొదుపు సంఘం లీడరు నా పక్కనే కూర్చుని పులిహోర తింటున్నారు. "మొదటి సంవత్సరం డిజిటల్ కీ మా ఇంటాయన జేబులోనే ఉండేదమ్మా," అని ఆ సర్పంచి మొదలుపెట్టింది. తెలియని వారి కోసం చెబుతున్నాను. ఆర్థిక సంఘం నిధులతో పంచాయతీలో ఏ పని జరిగినా, దాని బిల్లు చెల్లించాలంటే సర్పంచి, కార్యదర్శి ఇద్దరి డిజిటల్ సంతకాలూ ఉండాలి. ఆ సంతకం ఉండేది వేలెడంత కీలో. అది ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వారిదే. "ఒకరోజు ఆడిట్ వాళ్లొచ్చి లెక్క నన్నే అడిగారు, ఆయన్ని అడగలా. ఆ రాత్రి అన్నం పెట్టి నిదానంగా చెప్పా. రేపు ఏదన్నా తేడా వస్తే కోర్టు మెట్లు ఎక్కాల్సింది నేనే గదా, కీ నా దగ్గరే ఉండనీ అని. ఆయన మారు మాట్లాడలేదు. తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేసుకున్నా."

ఆ పొదుపు సంఘం చిన్నామె తినడం ఆపేసింది. తీర్మానాల పుస్తకం సంగతి అడిగింది. కార్యదర్శి చేత ప్రతి వాక్యం పైకి చదివించుకున్న తరువాతే సంతకం చేసేదాన్నని సర్పంచి చెప్పింది. చివరి తీర్మానానికీ తన సంతకానికీ మధ్య జాగా మిగిలితే అక్కడ అడ్డంగా గీత కొట్టేదట. "జాగా ఉంటే ఏమవుతుందక్కా?" అని ఈమె అడిగితే, "మనకు తెలియకుండా ఇంకో పని అందులో వచ్చి కూర్చుంటుంది," అని ఆమె జవాబు. అయిదేళ్ల అనుభవమంతా ఆ గీతలో ఉంది. ధైర్యంగా ఉండమని వందసార్లు చెప్పినా రాని ధైర్యం, ఎక్కడ గీత కొట్టాలో తెలిసినప్పుడు వస్తుందని నేను నమ్ముతున్నాను. ఈ మాటలు మైకులో వినబడవలసినవి. ఆ హాలులో ఉన్న రెండు వందల మంది స్త్రీలలో వీటిని విన్నది మేమిద్దరమే.

నా బాధకు మరొక కారణం ఉంది. ఒక ఆడదాని అనుభవం ఇంకొక ఆడదానికి చేరితే ఏమవుతుందో మా నెల్లూరు జిల్లా కళ్లారా చూసింది. 1990ల ఆరంభంలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మా పల్లెలకు వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుకుని ఇంట్లో ఉన్నాను. రాత్రిపూట బడి వరండాలో లాంతరు పెట్టుకుని పదిహేడు మంది ఆడవాళ్లకు అక్షరాలు దిద్దించేదాన్ని. పగలంతా కలుపు తీసి వచ్చినవాళ్లు, పలక మీద గట్టిగా నొక్కి రాస్తే బలపం పుటుక్కున విరిగేది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఏకమై ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్న కథను పాఠంగా చదివిన రోజు తరగతి తరగతంతా నిశ్శబ్దమైపోయింది. చివరి వరసలో కూర్చున్న ఒక అవ్వ, "ఆ ఊరు యాడుంది పాపా? ఆళ్లూ మనలాగా కూలికి పొయ్యేవాళ్లేనా?" అని అడిగింది. అవునన్నాను. బస్సెక్కితే ఎంతసేపట్లో పోవచ్చు అన్నది ఆమె తరువాతి ప్రశ్న.

ఆ ప్రశ్నను నేను మరిచిపోలేదు. ఝాన్సీ లక్ష్మీబాయి కథ కూడా మేము చెప్పాం. విని కళ్లు తుడుచుకున్నారు, ఇళ్లకు వెళ్లిపోయారు. బస్సు దూరంలో ఉన్న ఊరి ఆడవాళ్ల కథ విన్న తరువాత మాత్రం మాకెందుకు చేతకాదని లేచారు. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరు ఒకటి నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తివేసిన మాట నిజమే, ఆ గాయం ఇంకా మానలేదు. అయినా, ఆ సారా ఉద్యమంలో ముందు నడిచిన దూబగుంట రోశమ్మ వంటి స్త్రీ పెద్ద చదువు గానీ పదవి గానీ లేకుండా ఎంత పని చేయగలిగిందో ఈ నేలకు తెలుసు. ఆమె 2016లో కన్నుమూసింది. నేను పనిచేసిన బడిలో ఆ పేరు చెబితే పిల్లలు తెల్లమొహం వేశారు.

ఉద్యమం వెనకనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు వచ్చాయి. వాటి సమావేశాలకు వేదిక ఉండదు. అందరూ గుండ్రంగా చాప మీద కూర్చుంటారు, పుస్తకం మధ్యలో ఉంటుంది, వాయిదా ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో అందరి ముందూ చదువుతారు. ఈ పని నేర్చిన మన రాష్ట్రపు ఆడవాళ్లు బీహారు దాకా వెళ్లి అక్కడి స్త్రీల చేత సంఘాలు పెట్టించారు. భాష చాలకపోయినా పుస్తకం తెరిచి, డబ్బు లెక్క చూపించి నేర్పారు. నాయకత్వ అనుభవం పంచుకోవడమంటే నా దృష్టిలో ఇదే.

చెప్పకుండా పోయే అనుభవం ఎంత నష్టమో కూడా చెప్పాలి. నెల్లూరులో 1923లో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించిన పొణకా కనకమ్మ గారు బడి చదువు పెద్దగా లేకుండానే పండితురాలైంది, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకు వెళ్లింది, ఆస్తి కరిగిపోవడం చూసింది, ఇంటి దుఃఖాలు మోసింది. ఇవన్నీ రాసి పెట్టుకుంది. ఆమె 1963లో వెళ్లిపోతే, ఆ రాతలు పుస్తకమై మా చేతికి రావడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ మధ్యకాలంలో ఆ బడిలోనే చదువుకున్న ఎన్ని వేల మంది ఆడపిల్లలు తమ బడి పెట్టిన మనిషి మాట వినకుండా పెరిగారో తలచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది.

మన నాయకురాళ్లు ఎందుకు మనసు విప్పరో నాకు తెలియక కాదు. ఓడిపోయిన సంగతి చెబితే "చూశారా, ఆడదానికి అప్పగిస్తే ఇంతే" అనే నోళ్లు సిద్ధంగా ఉంటాయి. భర్త పెత్తనం గురించి చెబితే ఆ రాత్రి ఇంట్లో గొడవ. ఒక కార్యాలయం నుంచి సర్పంచికి రావలసిన ఫోను ప్రతిసారీ ఆమె భర్తకే వచ్చేదని, మీటింగు సంగతి ఆయన మరిచిపోతే ఆమె రాలేదని రాసుకునేవారని ఆ వరండాలోనే విన్నాను. తప్పు అక్కడ జరుగుతుంటే ధైర్యం లేదని ఆడవాళ్లను తప్పుపట్టడం అన్యాయం. అందుకే ఇటువంటి మాటలకు ఫొటోలూ, అతిథులూ, ఇంటి మగవాళ్లూ లేని ఒక పూట కావాలి. ఒక చాప, తీర్మానాల పుస్తకం, పాత సర్పంచులు నలుగురు, కొత్తగా రాదలచినవారు ఇరవై మంది ఉంటే చాలు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు స్త్రీలవి. శాసనసభలోనూ లోక్‌సభలోనూ మూడో వంతు ఇవ్వాలని 2023లో రాజ్యాంగ సవరణ జరిగింది. వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లందరూ మొదటి సంవత్సరం కీ ఎవరి జేబులో ఉందో తెలియకుండా గడపవలసిన అగత్యం ఏమిటి?

ఆ రోజు సాయంత్రం తిరుగు బస్సులో ఆ చిన్నామె నా పక్కనే కూర్చుంది. జలదంకి దాటాక నన్ను పెన్ను అడిగింది. సభ ఆహ్వాన పత్రిక వెనక తెల్లగా ఉన్న చోట, బస్సు కుదుపులకు అక్షరాలు వంకర పోతున్నా పట్టించుకోకుండా, "కీ నా దగ్గరే. చదివించుకోవాలి. జాగా ఉంటే గీత," అని రాసుకుంది. తరువాత ఆ పత్రికను మడిచి, రవికలో పెట్టుకునే చిన్న పర్సులో దాచి, "ఆ అక్క ఫోను నంబరు మీ దగ్గరుందా టీచరమ్మా?" అని అడిగింది.