కొన్న భూమి కాదు, దున్నిన భూమి

ఒక కుటుంబం మూడు తరాలుగా చేస్తున్న పొలం మీద వచ్చిన వ్యాసం చదివితే మా ఇల్లే గుర్తొచ్చింది. అందులో 'తాత కొన్న భూమి' అని మొదలుపెట్టారు. మా నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు చాలా ఇళ్లల్లో కథ కౌలుతో మొదలవుతుంది. మా ముత్తాత దున్నింది దొర భూమి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం వల్ల రక్షిత కౌలుదారుగా, అంటే దొర ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టలేని కౌలుదారుగా, ఆయన పేరు రికార్డుకెక్కింది. దాన్ని పట్టుకునే మా తాత ఆఫీసుల చుట్టూ తిరిగి అదే చట్టం కింద అలాంటి కౌలుదారుకు భూమి మీద యాజమాన్య హక్కు ఇచ్చే 38-ఇ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు, పట్టాదారు అయ్యాడు. పేరెక్కని వాళ్లూ అంతే చెమటోడ్చారు, వాళ్లకు గుంట భూమి దక్కలేదు. వ్యాసంలో వాళ్ల ఊసు కూడా ఉండాల్సింది.

ఎడ్లతో నీళ్లు తోడిన మా మోట బావి ఎండిపోయి ఏళ్లయింది. మోట కొట్టేటప్పుడు ఎడ్లు ఎక్కుతూ దిగుతూ నడిచిన ఏటవాలు బాట మాత్రం ఇప్పటికీ గట్టిగా ఉంది, అక్కడ గడ్డపార కూడా సరిగ్గా దిగదు. తర్వాత కరెంటు మోటరు, ఆ తర్వాత బోర్లు. బోర్లు ఎండి బత్తాయి చెట్లు పోయాయి, ఇప్పుడు పత్తే.

ఇంకో మాట. కలుపు తీసింది, పత్తి ఏరింది నానమ్మ, అమ్మ. భూమి ఎవరిది, సాగు ఎవరిది అని రాసే ఏ పహాణీలోనూ వాళ్ల పేరు లేదు. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం చేశారు, 2005లో దేశమంతటికీ వచ్చింది. అయినా మా ఊళ్లో ఇప్పటికీ ఆడపిల్లకు చీర సారె పెట్టి, వాటా వద్దని సంతకం పెట్టించుకునే ఇళ్లే ఎక్కువ. మొన్న పంపకాల్లో మా చెల్లెకు వాటా రాశాం, పాసుబుక్ ఆమె పేరు మీదే వచ్చింది.