ఆడపడుచు సంతకం

ఆడామగా సమానమేనా అని అడిగితే నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కాదనేవాళ్లు అరుదు. కూతురు ఇంజనీరింగ్ చదవాలి, కోడలు ఉద్యోగం చేయాలి, సర్పంచి పదవుల్లో సగం ఆడవాళ్లకు పోవాలి అంటే అందరూ తలూపుతారు. తాతల నాటి నాలుగెకరాల మాట ఎత్తితే మాత్రం గొంతు మారుతుంది. ‘పెళ్లిలో ఇచ్చాం కదా, మళ్లీ భాగమెందుకు?’

స్త్రీవాదం కొంపల్లో చిచ్చు పెడుతుందని ఒకరంటారు. అది పట్నం చదువుల గోల అని మరొకరు. భార్యను వేధించారంటూ పెట్టే 498ఏ కేసులతో (2024 జూలై నుంచి కొత్త చట్టంలో అది 85వ సెక్షన్) మగవాళ్లే నలిగిపోతున్నారనేవాళ్లూ ఉన్నారు. అందులో నిజం బొత్తిగా లేకపోలేదు. ఫిర్యాదు అందగానే అరెస్టులకు దిగొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు పోలీసులకు కట్టడి పెట్టింది కూడా. కానీ ఈ వాదనలన్నీ మాటల దగ్గరే ఆగుతాయి. ఇంట్లో సమానత్వం ఎంతవరకు ఉందో తెలియాలంటే సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో తమ వాటాను అన్నదమ్ములకు వదులుకుంటూ అక్కచెల్లెళ్లు సంతకం పెట్టే విడుదల దస్తావేజు చదవాలన్నది మా అభిప్రాయం.

ఈ విషయంలో తెలుగునాడు దేశానికంటే ముందు నడిచింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అప్పటికే అత్తారింటికి వెళ్లినవాళ్లు మాత్రం ఇరవై ఏళ్లు ఆగాల్సి వచ్చింది. 2005 సెప్టెంబర్ 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణతో పెళ్లయిందా లేదా అన్న తేడా పోయింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలా అన్న సందేహాన్ని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తీర్చేసింది. అక్కర్లేదంది. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరైన పారీఖత్తు (భాగపంపకాల దస్తావేజు)తోనో, కోర్టు డిక్రీతోనో ముగిసిన పంపకాలను మాత్రం ఇప్పుడు కదపలేం. ‘మేం ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం’ అంటే ఊరికే చెల్లదు. దానికి ప్రభుత్వ రికార్డుల ఆధారం ఉండాలి.

లెక్క వేసి చూద్దాం. ఉమ్మడి భూమి నాలుగెకరాలు. తండ్రి, తల్లి, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు. వీలునామా రాయకుండా తండ్రి పోయాడు. పాత పద్ధతిలో ముందు తండ్రీకొడుకులకు చెరి రెండెకరాలు పడేవి. తండ్రి రెండెకరాలు భార్యకు, ముగ్గురు పిల్లలకు తలా యాభై సెంట్లు. అంటే కొడుక్కి రెండున్నర ఎకరాలు, ఒక్కో కూతురికి యాభై సెంట్లు, తల్లికి యాభై సెంట్లు. ఇప్పుడు తండ్రికి, ముగ్గురు పిల్లలకు ముందు తలా ఎకరం. తండ్రి ఎకరం నలుగురికి పాతిక సెంట్ల చొప్పున. కొడుక్కీ కూతుళ్లకీ తలా ఎకరా పాతిక సెంట్లు, తల్లికి పాతిక సెంట్లు.

చివరి అంకె మళ్లీ చూడండి. పిల్లలు సమానమయ్యారు, తల్లి వాటా సగానికి పడిపోయింది. కూతుళ్ల హక్కు గురించి గట్టిగా మాట్లాడేవాళ్లు కూడా ఈ ముసలమ్మ మాట ఎత్తరు. దీనికి మందు తండ్రి చేతిలోనే ఉంది. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను భార్య పేర వీలునామా రాసే హక్కు అతనికి ఉంది. రాసేవాళ్లు ఎందరు?

తండ్రి సొంతంగా సంపాదించిన ఆస్తి సంగతి వేరు. నెల్లూరులో కొన్న ముప్పై అంకణాల స్థలాన్ని ఆయన తనకు నచ్చినవాళ్లకు రాసుకోవచ్చు. రాయకుండా పోతేనే భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, బతికుంటే ఆయన తల్లికి సమానంగా వస్తుంది. ఈ రెండింటి తేడా తెలియక కోర్టుకెక్కి ఓడిపోయిన ఆడపడుచులున్నారు. అన్నీ మావేనంటూ ఉమ్మడి భూమిని అమ్ముకున్న అన్నదమ్ములూ ఉన్నారు.

ఇక సంతకం రోజు. దస్తావేజు లేఖరి ముందే టైపు కొట్టించి ఉంచుతాడు. అక్కచెల్లెళ్లను కారు పంపి పిలిపిస్తారు. ‘నా వాటాకు రావలసిన ప్రతిఫలం ముట్టినది’ అని ఒక వాక్యం ఉంటుంది. ముట్టింది చాలాసార్లు ఒక పట్టుచీర. ఫొటో, వేలిముద్ర అవుతాయి. సాక్షులు ఇద్దరూ అన్నదమ్ముల వైపు వాళ్లే. పావుగంటలో పని పూర్తి. అది మోసమని తర్వాత తెలిసినా, తెలిసిన నాటి నుంచి మూడేళ్లలోపు రద్దు దావా వేయాలి. మోసం జరిగిందని రుజువు చేసే భారం ఆమెదే. అదే సంతకం పెద్దమనుషుల ముందు వంద రూపాయల స్టాంపు పేపరు మీద పెట్టి ఉంటే, రిజిస్టరు కాని ఆ కాగితంతో హక్కు పోదు. ‘ఆ రోజే రాసిచ్చేశాను’ అనుకుంటూ కూర్చున్న చాలామందికి ఇది తెలియదు.

ఆమె అమాయకురాలై సంతకం పెడుతోందనుకోవడం పొరపాటు. భర్త పోయినా, తాగొచ్చి తన్నినా ఆమెకు మిగిలే గడప పుట్టిల్లే. పిల్లలకు మేనమామ కావాలి. ఆ బీమాకు ఆమె కట్టే ప్రీమియం ఎకరా పాతిక సెంట్లు. ‘బంధం ముఖ్యమా, భూమి ముఖ్యమా?’ అన్న ప్రశ్న అన్నదమ్ములను ఎవరూ అడగరు. అడగాల్సింది వాళ్లనే. మరోవైపు మహిళా సంఘాల్లోనే కొందరి అనుమానం ఇంకోటి. భూమి ఆమె పేరుకొస్తే చివరికి అమ్ముకునేది భర్తే కదా అని. నిజమే, భాగం అడగమని అల్లుళ్లు వెనక నుంచి తోసే సందర్భాలు తక్కువేం కాదు. ఆ భయానికి విరుగుడు ఆమె పేరు తీసేయడం కాదు.

రెండువైపులా నిలిచే దారి ఒకటుంది. పారీఖత్తులో ఆమె వాటాను సర్వే నంబరు సబ్‌డివిజన్‌తో, ఎల్లలతో వేరు చేసి రిజిస్టరు చేయాలి. ఆ కయ్యలను అన్నకే కౌలుకివ్వాలి. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందం రాసుకుంటే అన్నకు పంట రుణం దొరుకుతుంది, చెల్లెలి యాజమాన్యానికి ఢోకా ఉండదు. రాకపోకలూ మిగులుతాయి, ఏటా కౌలు డబ్బులూ చేతికొస్తాయి.

పసుపుకుంకుమల కింద ఇచ్చిన పొలం గురించీ ఒక మాట. పెళ్లిపీటల మీద నోటిమాటగా ఇచ్చిన ఎకరం చట్టం దృష్టిలో ఇచ్చినట్టు కాదు. స్థిరాస్తి దానానికి ఇద్దరు సాక్షులతో రిజిస్టరైన దస్తావేజు తప్పనిసరి. తండ్రి పోయాక మేనల్లుళ్ల చేతుల్లో ఆ ఎకరం మాయమయ్యేది ఇందుకే. ఇక కట్నమే భాగమంటారా, కట్నం ఇవ్వడమే 1961 చట్టం ప్రకారం నేరం. తీసుకున్నా దాన్ని మూడు నెలల్లో పెళ్లికూతురికి అప్పజెప్పాలని అదే చట్టం చెబుతోంది. అప్పజెప్పిన అత్తగారిల్లు మాకైతే కనబడలేదు.

రామాయపట్నం, కృష్ణపట్నం చుట్టూ భూసేకరణ మొదలయ్యాక ఇది మరింత పదునెక్కింది. తీర మండలాల్లో రొయ్యల గుంటల లీజు డబ్బు ఎవరి పేరుంటే వాళ్లకే వెళ్తున్నట్టు, పరిహారమూ అడంగల్, 1బి అనే రెవెన్యూ రికార్డుల్లో ఉన్న పేరును బట్టే ముందు కదులుతుంది. పాస్‌పుస్తకంలో పేరు లేనంత మాత్రాన హక్కు పోదు గానీ, డబ్బు పంచేశాక వెనక్కి రాబట్టడం ఏళ్ల పని. 2013 భూసేకరణ చట్టం 21వ సెక్షన్ కింద కలెక్టర్ నోటీసు ఇచ్చినప్పుడే ‘ఇందులో నాకు వాటా ఉంది’ అని రాతపూర్వకంగా దాఖలు చేయాలి. తగాదా తేలకపోతే ఆ సొమ్మును పరిహార అథారిటీలో జమచేయాల్సి ఉంటుంది. అన్న ఖాతాలోకి వెళ్లదు.

పంచుకోవడానికి సెంటు భూమి లేని ఆడవాళ్ల మాటేమిటన్న ప్రశ్న దళిత మహిళా సంఘాల నుంచి వస్తోంది. న్యాయమైన ప్రశ్న. 1992లో కలిగిరి మండలం దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటంలో ముందు నిలబడింది కూలినాలి ఆడవాళ్లే. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. అది స్త్రీవాదమా, సంసారాన్ని కాపాడుకునే తపనా అని చదువుకున్నవాళ్లు చాలాకాలం వాదించుకున్నారు. ఈలోగా ఆ ఆడవాళ్లు రోజుకో రూపాయి దాచే పొదుపులక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. వాళ్లకు సమానత్వమంటే కూలి రేటు. సమాన పనికి సమాన వేతనం చట్టం 1976లోనే వచ్చింది. అయినా నారు మోసే మగకూలి, నాటు వేసే ఆడకూలి అని రెండు ధరలు నడుస్తూనే ఉన్నాయి. రోజంతా నడుం వంచి బురదలో నాటడం తేలిక పనని ఎవరు తేల్చారు? దీని మీద విడిగా రాయాల్సింది చాలా ఉంది.

ప్రస్తుతానికి మేం అధికారులను అడిగేవి రెండు. కుటుంబ సభ్యుల ధృవపత్రం ఇచ్చేముందు, పెళ్లయి వెళ్లిపోయిన కూతుళ్ల పేర్లు దరఖాస్తులో ఉన్నాయో లేదో తహసీల్దార్లు ఊళ్లో విచారించి చూడాలి. విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టే ఆడవాళ్లను సబ్‌రిజిస్ట్రార్లు అన్నదమ్ములు లేని గదిలో కూర్చోబెట్టి, దస్తావేజు చదివి వినిపించి, వదులుకుంటున్న వాటా మార్కెట్ విలువ, చేతికొచ్చిన మొత్తం రెండూ అంకెల్లో రాయించాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా 1987 న్యాయసేవల చట్టం కింద ఉచితంగా లాయరు దొరుకుతాడు. నంబరు 15100. సంతకానికి ముందే ఫోన్ చేయాలి.