కొడుకు ఆపేసిన చేతక్

కందుకూరులోనైనా కావలిలోనైనా ఇప్పుడు బజాజ్ అంటే కుర్రాళ్లకు సెల్‌ఫోన్ షాపులో ఇచ్చే ఈఎంఐ కార్డు. నలభై దాటినవాళ్లకు మాత్రం చేతక్ స్కూటర్. కిక్ కొట్టే ముందు బండిని ఓ పక్కకు వంచడం, వెనక పాలక్యాన్లు కట్టుకుని పోవడం, సంబంధం మాట్లాడేటప్పుడు 'స్కూటర్ కూడా పెడతారా' అని ఆరా తీయడం మా ఊళ్లలో అందరూ ఎరిగినవే.

ఆ బండిని ఇంటింటికీ చేర్చిన రాహుల్ బజాజ్ 1938లో పుట్టారు, 2022 ఫిబ్రవరిలో పోయారు. బజాజ్ గ్రూపును మొదలుపెట్టిన జమ్నాలాల్ బజాజ్ మనవడు. 1968లో కుటుంబ కంపెనీ బజాజ్ ఆటో పగ్గాలు పట్టారు. 7 కోట్ల టర్నోవర్‌ను 12 వేల కోట్లు చేశారని ఆయన పోయినప్పుడు పత్రికలు రాశాయి. ఆ అంకె ఒక్కటే చూసి పొగడటం నాకు నచ్చదు. ఎన్ని బండ్లు చేయాలో సర్కారు లైసెన్సు చెప్పే రోజులవి. స్కూటర్ బుక్ చేస్తే చేతికి రావడానికి ఏళ్లు పట్టేది, ఒక్కోసారి పదేళ్లు కూడా. కొనేవాడే క్యూ కట్టినప్పుడు అమ్మడం ఏం గొప్ప? ఇటలీ స్కూటర్ కంపెనీ పియాజియోతో ఒప్పందం 1971లో ముగిశాక సొంత పేరుతో చేతక్‌ను నిలబెట్టడం మాత్రం గొప్పే. సందు చివర మెకానిక్ కూడా విప్పి బిగించేవాడు దాన్ని.

అసలు పరీక్ష 1985లో హీరో హోండా వచ్చాక మొదలైంది. మైలేజీ లెక్క చూసుకునే రైతు, గతుకుల రోడ్డుకు పెద్ద చక్రాలే నయమనుకుని మోటార్‌సైకిల్ కొన్నాడు. రాహుల్ కొడుకు రాజీవ్ అటే మొగ్గారు. 2001లో పల్సర్ తెచ్చారు, 2009 డిసెంబర్‌లో స్కూటర్లు ఇక చేయబోమని ప్రకటించారు. తనకు బాధగా ఉందని రాహుల్ బయటికే చెప్పారు. కానీ ఆ నిర్ణయం ఆగలేదు. ఆయన జీవితంలో నాకు ఎక్కువ నచ్చే ఘట్టం ఇదే.

పాత సరుకు వదిలి నిలబడటం మన దగ్గరా ఉంది, మార్కాపురం పలకల సంగతి చూడండి. రాయిని పొరలుగా చీల్చి, చెక్క ఫ్రేము బిగించి ఊరూరికీ పంపిన ఊరది. నోటు పుస్తకాలు, ప్లాస్టిక్ పలకలు వచ్చి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి. అదే రాయిని టైల్స్‌గా కోసి ఎగుమతి చేసినవాళ్లు కొంత తట్టుకున్నారు. నాన్న పెట్టిన సరుకు మానేయడమంటే నాన్నను కాదన్నట్టే అనుకునే ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

అలాగని రాజీవ్ లెక్క పూర్తిగా ఒప్పు అనలేం. బజాజ్ వదిలేసిన స్కూటర్ మార్కెట్‌ను గేర్లు లేని బండ్లతో హోండా పట్టేసింది. ఒంగోలు ట్రంకు రోడ్డు మీద సాయంత్రం పది నిమిషాలు నిలబడితే చాలు, ఎన్ని యాక్టివాలో తెలుస్తుంది. చివరికి 2020 జనవరిలో, తండ్రి ఉండగానే, రాజీవ్ చేతక్ పేరుతోనే కరెంటు స్కూటర్ అమ్మకానికి పెట్టారు. దానికి కిక్ లేదు, వంచే పనీ లేదు.