కాలు బెణికితే రెస్టు, మనసు అలిసిపోతే సాకా?

కాలు బెణికి రన్‌కి రాలేదంటే మా రన్నింగ్ గ్రూపులో అందరూ జాలిపడతారు. ఐస్ పెట్టమంటారు, క్రేప్ బ్యాండేజీ కట్టమంటారు, ఏ డాక్టరు దగ్గరికెళ్ళాలో కూడా చెప్తారు. అదే, "ఒంట్లో బాగానే ఉందండీ, రేసు చెయ్యడానికి మనసు సిద్ధంగా లేదు" అని చెప్పి చూడండి. ఒకరు దండం బొమ్మ పెడతారు, ఇద్దరు నవ్వు బొమ్మలు పెడతారు, ఆ వెనకే ఎవరో ఒక పోస్టర్ పంపిస్తారు: పరిగెత్తేది కాళ్ళు కాదు, మనసే అని.

సరే, మీ మాటే ఒప్పుకుంటాను. పరిగెత్తేది మనసే అయితే, ఆ మనసుకి బాగోలేనప్పుడు దేంతో పరిగెత్తమంటారు?

మొన్న విశాఖ బీచ్ రోడ్డులో హాఫ్ మారథాన్ కావాలనే మెల్లగా పరిగెత్తి వచ్చిన దగ్గర్నుంచి నా వెనక ఇదే చర్చ. ముఖం మీద అడిగినవాళ్ళు కొందరు, పక్కకెళ్ళి అనుకున్నవాళ్ళు కొందరు. అందరికీ కలిపి ఒకేసారి చెప్తున్నాను. పోస్టు పెద్దదే. ఓపిక ఉన్నవాళ్ళే చదవండి.

నా ప్రాక్టీసుకి వంక పెట్టడానికి లేదు. శ్రీకాకుళంలో తెల్లవారకుండా లేచేవాళ్ళకి ఆ సంగతి తెలుసు. ఆదివారాలు అరసవల్లి దాటి గార వైపు రోడ్డు మీద లాంగ్ రన్, వారం మధ్యలో ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో స్పీడ్ రౌండ్లు. కాళ్ళు సిద్ధంగానే ఉన్నాయి. కానీ రేసుకి ముందు కొన్ని వారాలు మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నారు. పగలు బడి, సాయంత్రం ఇల్లు, రాత్రి ఆసుపత్రి వరండా, అక్కడే కూర్చుని పిల్లల పేపర్లు దిద్దుకోవడం. ఆవిడ కోలుకుని ఇంటికొచ్చారు, ఇప్పుడు బాగున్నారు. నేనే ఇంకా తేరుకోలేదు. పనులన్నీ చేస్తున్నాను గానీ, దేనిమీదా పట్టుదల లేదు.

"రేసు ముందు అందరికీ అలాగే ఉంటుందమ్మా, గన్ పేలగానే అదే పోతుంది" అన్నారు కొందరు. ఆ టెన్షన్ నాకు తెలీకపోవడమేమిటి? ముందురోజు రాత్రి నిద్ర పట్టదు, నోరెండిపోతుంది, స్టార్టింగ్ లైన్ దగ్గరికి వెళ్ళేలోపు మళ్ళీ మళ్ళీ బాత్‌రూమ్‌కి పరిగెత్తాలనిపిస్తుంది. అది ఒళ్ళు పోటీకి రెడీ అవుతోందని గుర్తు, మంచిదే. గుండె ముందే వేగం అందుకుంటుంది, చేతులు ఊరుకోవు. ఈసారి నాకు అసలు ఆ టెన్షనే రాలేదు. చొక్కాకి తగిలించుకునే బిబ్ నంబరు చేతికిస్తే కరెంటు బిల్లు అందుకున్నట్టు అందుకుని సంచిలో పెట్టుకున్నాను. భయం కాదు, బద్ధకం కాదు. ఎంత టైంలో వస్తానన్నది కనీసం ఊహించుకోబుద్ధి కూడా కాలేదు. రేసు చెయ్యడానికి మనసు లేదంటే నా లెక్కలో అర్థం అది.

ఇది ఆడవాళ్ళ సున్నితం కాదు, సాకూ కాదు. 2009లో సామ్యూలె మార్కోరా అనే శాస్త్రవేత్త, ఇంకో ఇద్దరు కలిసి వేల్స్‌లోని బాంగర్ యూనివర్సిటీలో ఒక ప్రయోగం చేశారు. 16 మందిని తీసుకుని, ఒకరోజు 90 నిమిషాలు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి బుర్రకి బాగా పని చెప్పారు. ఇంకోరోజు అంతసేపూ డాక్యుమెంటరీలు చూపించారు. రెండు రోజులూ ఆ తర్వాత సైకిల్ ఎక్కించి, ఇక నావల్ల కాదనేదాకా తొక్కించారు. డాక్యుమెంటరీ చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కారు. బుర్ర అలిసిన రోజు 640 సెకన్లకే ఆపేశారు. గుండె, ఊపిరి, కండరాలు ముందుగా చేతులెత్తేశాయా అంటే అదీ లేదు. మారిందల్లా ఒకటే, అదే బరువు వాళ్ళకి మొదట్నుంచీ ఎక్కువ కష్టంగా అనిపించింది. గంటన్నర కంప్యూటర్ పనికే అంత తేడా వస్తే, వారాల తరబడి ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషి సంగతి మీరే ఆలోచించండి.

మరి ఇంత మామూలు విషయం మనవాళ్ళకి ఎందుకు ఎక్కదు? ఇది నేను చాలా ఆలోచించాను. మన జిల్లాలో పరుగంటే ఏమిటో చూడండి. చీకటి విడవకముందే గ్రౌండ్‌కి వచ్చే కుర్రాళ్ళు ఆరోగ్యం కోసం రారు. వాళ్ళకి పరుగంటే సెలెక్షన్. పోలీసు కానిస్టేబుల్‌కి 1600 మీటర్లు 8 నిమిషాల్లో అయిపోవాలి. ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తేనే పూర్తి మార్కులు. పోలీసు గ్రౌండ్‌లో ఒక్క సెకను దాటినా ఇంటికే, మళ్ళీ నోటిఫికేషన్ ఎప్పుడో ఎవరికీ తెలీదు. ఇంట్లో అమ్మానాన్నలు ఫోను పట్టుకుని కూర్చుంటారు. ఆ కుర్రాడి దగ్గరికెళ్ళి "ఈరోజు నీ మనసు బాగుందా బాబూ" అని అడగడానికి నాకు నోరు రాదు. బాగున్నా బాగోకపోయినా పరిగెత్తాల్సిందే, ఎందుకంటే ఆ గీత అవతల జీతం ఉంది.

మల్లయోధుడు కోడి రామ్మూర్తి పేరు మీద స్టేడియం ఉన్న ఊరు మాది. ఊసవానిపేట నుంచి వచ్చి సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ పతకం గెలిచిన కరణం మల్లీశ్వరి పేరు ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఇలాంటి చోట పరుగుకీ బలానికీ స్టాప్‌వాచీ, మార్కులూ, పతకమూ తప్ప ఇంకో లెక్క ఉండదు. అందులో తప్పేమీ లేదు, ఆ లెక్కే ఎన్నో ఇళ్ళకి అన్నం పెట్టింది. కానీ నలభై దాటిన ఒక లెక్కల టీచరుకి ఏ సెలెక్షనూ లేదండీ. ఆ కుర్రాడికున్న రూలు తెచ్చి నామీద పెట్టడం ఏమిటి?

మల్లీశ్వరి పేరు ఎందుకొచ్చిందంటే, నాకు పంపిన పోస్టర్లలో ఆవిడ ఫోటో కూడా ఉంది. 2000లో సిడ్నీలో ఆవిడ చివరి లిఫ్ట్‌కి 137.5 కిలోలు పెట్టించుకుంది. బంగారం కోసమే. అది లేవలేదు, రెండు రకాల లిఫ్ట్‌లూ కలిపి మొత్తం 240 కిలోలతో కాంస్యం వచ్చింది. బంగారం గెలిచిన చైనా అమ్మాయికి 242.5. అలాంటి పోటీకి వెళ్ళే మనిషి జీవితమంతా ఆ ఒక్క పూట కోసమే అమర్చుకుంటుంది. నేను ఆదివారం పొద్దున్న పరిగెత్తి, మధ్యాహ్నం బస్సెక్కి, సోమవారం తొమ్మిదో తరగతికి బహుపదులు చెప్పాలి. ఆవిడ ఫోటో నాకు పంపడం ఆవిడకే మర్యాద కాదు.

రేసు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. వాచీలో పేస్, అంటే ఎంత వేగంతో వెళ్తున్నానో, కనిపించకుండా పెట్టుకున్నాను. అందరికంటే వెనక నిలబడ్డాను. పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడగలిగినంత మెల్లగా పరిగెత్తాను. తెన్నేటి పార్కు దగ్గర ఎత్తులో హాయిగా నడిచాను. నీళ్ళు పెట్టిన ప్రతిచోటా ఆగి తాగాను. సముద్రం పక్కన ఉక్కపోతకి చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, అందుకని ఆ జాగ్రత్త ఎలాగూ కావాలి. 21.1 కిలోమీటర్లు అయిపోయాయి. బాగుంది. మెడ మీద నుంచి బరువు దిగిపోయిందనీ, జీవితం అర్థమైపోయిందనీ చెప్పను, అలాంటివేమీ జరగలేదు. చెమట పట్టింది, ఆకలేసింది, ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

ఫినిష్ దగ్గర మా గ్రూపు పెద్దాయన నిలబడి ఉన్నారు. ఆర్మీలో చేసి రిటైరయ్యారు, మాకందరికీ ఆయనంటే గౌరవం. నన్ను చూడగానే "ఏటమ్మా, అంత మెల్లగా వచ్చావు? కాలేటైనా పట్టేసిందేటి?" అన్నారు. "లేదు సార్, కావాలనే" అన్నాను. "కావాలని మెల్లగా రావడమేటి?" అన్నారు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. ఎగతాళి చెయ్యలేదు పాపం. ఎగతాళి చేసినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళు ఫినిష్ దాకా కూడా రాలేదు.

పెద్ద మారథాన్లలో పేసర్లని పెడతారు. డబ్బిచ్చి పెడతారు. కొంత దూరం ముందుండి వేగం పట్టించి, తర్వాత పక్కకి తప్పుకోవడమే వాళ్ళ పని. గెలవాలని రారు, వాళ్ళనెవరూ పిరికివాళ్ళనరు. 1994లో లాస్ ఏంజిలిస్‌లో పాల్ పిల్కింగ్‌టన్ అని ఒక పేసర్ అలాగే వచ్చి, బాగానే ఉందనిపించి ఆగకుండా పోయి, మొత్తం రేసే గెలిచేశాడు. వెనకున్నాయన అతను ఎప్పుడో తప్పుకున్నాడనుకున్నాడట! నాకు అలాంటిదేమీ జరిగే ప్రమాదం లేదు గానీ, రేసు చెయ్యకుండా రేసులో ఉండటం కొత్త విషయం కాదని చెప్తున్నాను.

"డబ్బు కట్టావు కదా" అన్నారు ఇంకొకరు. కట్టిన డబ్బు నేను వేగంగా పరిగెత్తినా పోయిందే, మెల్లగా పరిగెత్తినా పోయిందే. ఈ లెక్క నా తొమ్మిదో తరగతి పిల్లలు కూడా చేస్తారు.

ఒక్క మాటకి మాత్రం నా దగ్గర గట్టి జవాబు లేదు. "ఒకసారి వదిలేస్తే వదిలెయ్యడం అలవాటైపోతుంది" అన్నది మా గ్రూపులో ఒక చెల్లెలు. ఆ మాటలో నిజముంది. మనసు బాగోలేదని రెండు రేసులు తేలిగ్గా తీసుకున్నాక, మూడోసారి నిజంగా బాగోలేదా, కష్టపడటం ఇష్టం లేదా అన్నది తేల్చుకోవడం కష్టమే. నేను చూసుకునేది ఒక్కటి. మామూలు రోజుల్లో పొద్దున్నే పరుగుకి వెళ్ళాలనిపిస్తోందా లేదా? వెళ్ళాలనిపిస్తూ రేసు మాత్రమే వద్దనిపిస్తే మనసు అలిసిందని లెక్క. పరుగే వద్దనిపిస్తే ఇంకేదో ఉంది, అప్పుడు హాఫ్ సంగతి పక్కన పెట్టి ఎవరితోనైనా మాట్లాడాలి. జ్వరం, ఛాతీలో నొప్పి ఉంటే మాత్రం ఈ చర్చేమీ వద్దు, స్టార్టింగ్ లైన్ దగ్గరికే వెళ్ళకండి.

నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. రన్ అయ్యి వచ్చిన మనిషిని చూడగానే "టైం ఎంత?" అని అడగడం కాసేపు ఆపండి. నీళ్ళు తాగనివ్వండి. టైం చెప్పుకోవాలనుకున్నవాళ్ళు మీరు అడక్కపోయినా స్క్రీన్‌షాట్ పెట్టేస్తారు, ఆ బెంగ మీకు అక్కర్లేదు.

సంక్రాంతి తర్వాత ఇంకో హాఫ్‌కి పేరు ఇద్దామని అనుకుంటున్నాను. దాన్ని రేసుగా పరిగెత్తుతానా, ఊరికే పరిగెత్తుతానా అన్నది ముందురోజు రాత్రి గ్రూపులో చెప్తాను. రేసే అయితే సార్, మొదటి 10 కిలోమీటర్లు మీరే నాకు పేసర్‌గా రావాలి. మధ్యలో తప్పుకుంటే ఎవరూ ఏమీ అనరు.