సవరణ: కారును తోసి స్టార్ట్ చేయడం గురించి
పాత, కొత్త కార్లను పోల్చిన పోస్టులో ‘బ్యాటరీ పూర్తిగా చచ్చినా కార్బ్యురేటర్ బండి తోస్తే స్టార్టవుతుంది, ఇంజెక్షన్ బండి అసలు అవదు’ అని రాశాను. (కార్బ్యురేటర్ అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే పాతకాలపు భాగం; ఇంజెక్షన్ బండిలో ఆ పని కరెంటుతో నడిచే నాజిళ్లు చేస్తాయి.) రెండు ముక్కలూ తప్పే. సర్వీస్ మాన్యువళ్లు చెప్పేది వేరు.

పాత పెట్రోల్ కారులోనూ పెట్రోల్‌ని మండించే స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కి కరెంటు కావాలి. బ్యాటరీలో బొత్తిగా ఏమీ లేకపోతే సాధారణంగా స్పార్క్ రాదు (బ్యాటరీ లేకుండా తనే కరెంటు పుట్టించే మాగ్నెటో ఉన్న మరీ పాతవాటి సంగతి వేరు). ఇంజెక్షన్ కారైనా మాన్యువల్ గేరు ఉండి, కీ తిప్పగానే డాష్‌బోర్డు లైట్లు వెలిగి, ట్యాంకు వైపు పెట్రోల్‌ని తోడే పంపు సన్నగా గుయ్‌మంటే ఆశ ఉన్నట్టే. రెండో గేరులో క్లచ్ నొక్కిపట్టి తోయించి, బండి కదిలాక క్లచ్ ఠక్కున వదలాలి. ఆటోమేటిక్‌కి కుదరదు.

పదేపదే మాత్రం తోయకండి. కాలని పెట్రోల్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో చేరి, ఇంజన్ అందుకున్నాక అక్కడే మండి దాన్ని పాడుచేస్తుంది.