కొసరుకు గడువు తేదీ

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి కూతవేటు దూరంలో ఉన్న ఒక సూపర్‌మార్కెట్టులో నేను ఏడాదిగా ‘గౌరవ సభ్యుణ్ణి’. ఈ గౌరవం ఊరికే రాలేదు. బిల్లు కట్టిన ప్రతిసారీ నా ఫోన్ నంబరును వెనుక నిలబడ్డ పదిమందికీ వినబడేలా, పది అంకెలూ విడివిడిగా, ఒక్కోసారి రెండేసి సార్లు పలికి సంపాదించుకున్నాను. నా నక్షత్రం తెలియని వాళ్లు ఈ ఊళ్లో ఉండవచ్చు గానీ, నా నంబరు తెలియని వాళ్లు తక్కువ.

ఆ సభ్యత్వపు ఫలం ఏమిటంటే, వంద రూపాయల సరుకుకు ఒక పాయింటు, ఒక్కో పాయింటు విలువ పావలా. ఇరవై అయిదు పైసల నాణేన్ని 2011 జూన్ 30న చెలామణి నుంచి తప్పించారని, అది ఇక కనబడదని మనలాంటి అమాయకులం అనుకున్నాం. నిజానికి అది ఎక్కడికీ పోలేదు, లాయల్టీ కార్డులో తలదాచుకుంది. అయిదు వందల పాయింట్లు నిండితే తప్ప వాటిని వాడుకోనివ్వరు గనుక, యాభై వేల రూపాయలు ఖర్చు పెట్టిన పుణ్యాత్ముడికి నూట పాతిక రూపాయలు దక్కుతాయి. అది కూడా ఏడాదిలోగా.

మార్చి నెలాఖరుకు నా ఖాతాలో 488 పాయింట్లు ఉన్నాయి. “ఏవండీ, ఇంకో పన్నెండే కదా” అన్నది మా ఆవిడ. ఆ పన్నెండు పావలాల కోసం, అంటే అక్షరాలా మూడు రూపాయల కోసం, మేమిద్దరం ఆటో కట్టించుకుని వెళ్లి, ఇంట్లో మూడు ఉన్నా నాలుగో ఫ్లాస్కును, ఎండాకాలం గడిచేదాకా ముట్టని రెండు కిలోల సేమ్యాను, పన్నెండు వందల పైచిలుకు బిల్లుతో ఇంటికి చేర్చుకునేందుకు సిద్ధపడ్డాం. బిల్లు వేసే కుర్రవాడు ఎంతో మర్యాదగా, “ఫ్లాస్కు ఆఫర్లో ఉంది సార్, దానికి పాయింట్లు రావు” అన్నాడు. లెక్క 492 దగ్గర ఆగింది. ఏప్రిల్ ఒకటో తేదీ ఉదయం నా పాయింట్లు పరమపదించినట్లు సందేశం వచ్చింది. తేదీ చూసి హాస్యమనుకున్నాను గానీ, కాదు.

దీన్ని మోసమనడం అజ్ఞానం. పెద్ద కంపెనీలు 2018 నుంచి పాటిస్తున్న ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల ప్రమాణం ప్రకారం, మనం కట్టిన డబ్బులో కొంత భాగాన్ని పాయింట్ల పేరున పక్కన పెట్టి, అది తాము మనకు పడిన బాకీ అని చూపాలి. అయితే ఎంతమంది ఆ పాయింట్లను ఎన్నటికీ వాడుకోరో ముందే అంచనా కట్టి, ఆ మేరకు బాకీని తగ్గించుకోవచ్చు. ఈ వాడుకోని భాగానికి వాళ్ల పరిభాషలో ‘బ్రేకేజ్’ అని పేరు. మా ఇంట్లో నా మతిమరుపుకు తిట్లే గానీ విలువ లేదు. ఆడిటర్ల సమక్షంలో దానికి ఒక గడి, ఒక అంకె ఉన్నాయంటే కళ్లు చెమర్చాయి. అప్పిచ్చినవాడు మనమే అయినా, రూపాయికి ఎన్ని పైసలు తిరిగివ్వాలో, ఎప్పుడు ఎగవేయాలో నిర్ణయించేది మాత్రం పుచ్చుకున్నవాడే. ఇంతటి సౌకర్యం మా వీధి చీటీల వాళ్లకు కూడా లేదు.

ఈ విద్య మన దగ్గర పుట్టింది కాదు. అమెరికాలో 1896 నాటికే సరుకుతో పాటు పచ్చ స్టాంపులు ఇచ్చి పుస్తకాల్లో అతికించుకోమన్నారు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణికుల ఖాతాల్లో మైళ్లు జమ వేయడం మొదలుపెట్టింది. మనకున్నది కొసరు మాత్రమే. కిలో వంకాయలు తూచాక త్రాసులో మరో కాయ పడుతుంది, దానికి సభ్యత్వం లేదు, షరతులు లేవు, ఓటీపీ రాదు. ఇంత వెనుకబడిన పద్ధతి రైతుబజారులో ఇంకా సాగుతుండడం విచారకరం.

మొన్న అక్కడ బెండకాయలు కొన్నాను. డబ్బులిచ్చాక అలవాటు చొప్పున, “తొమ్మిది, నాలుగు, నాలుగు...” అని మొదలుపెట్టాను. కూరలమ్మే ముసలమ్మ గుప్పెడు కరివేపాకు నా సంచిలో కుక్కుతూ, “నీ నంబరు నాకేటికి బాబూ, చిల్లరుంటే ఇవ్వు” అన్నది.